గీజర్‌కి వైఫై తర్వాత, ముందు టేపు పట్టుకోండి

ఫోన్ కొనేముందు మనం పది రివ్యూలు చూస్తాం. ప్రాసెసర్, ర్యామ్, బ్యాటరీ అన్నీ కంపేర్ చేస్తాం. గీజర్ కూడా నేను అలాగే కొన్నా. దెబ్బ అక్కడే పడింది.

మాది హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్. బాత్రూమ్ నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. పాత గీజర్ ట్యాంక్ లీకై గోడంతా తుప్పు చారలు పడ్డాయి. ఆఫర్ కనిపించగానే 25 లీటర్ల వైఫై మోడల్ ఆర్డర్ పెట్టేశా. లాఫ్ట్‌కీ, కింద పైపు పాయింట్లకీ మధ్య 20 అంగుళాలుంది. గీజర్ ఎత్తు 19. సరిపోతుందనుకున్నా. ప్లంబర్ చూసి ఒకటే మాట అన్నాడు: "ఇది ఈడ పట్టదు సార్. పైపులు యాడ బిగించాలె?"

నిజమే. స్పెక్ షీట్‌లో ఇచ్చే ఎత్తు గీజర్‌ది మాత్రమే. దాని కింద కనెక్షన్ పైపులు, సేఫ్టీ వాల్వ్ పట్టాలి. రేపు ఎలిమెంట్ మార్చాలంటే కవర్ ఊడదీసే చోటు కూడా ఉండాలి. హారిజాంటల్ మోడళ్లలో ఆ చోటు పక్కన వదలాలి. వాటిలో లెఫ్ట్, రైట్ అని రెండు రకాలుంటాయి, అది కూడా చూసుకోవాలి. వర్టికల్ గీజర్‌ని అడ్డంగా పడుకోబెట్టి బిగిస్తామంటే అస్సలు ఒప్పుకోవద్దు.

అసలు నాకు 25 లీటర్లు ఎందుకు? లెక్క వేస్తే తెలిసింది. 60 డిగ్రీల నీళ్లు 15 లీటర్లు తీసుకుని 25 డిగ్రీల చన్నీళ్లు కలిపితే, 40 డిగ్రీల నీళ్లు దాదాపు 35 లీటర్లు వస్తాయి. అంటే రెండు బకెట్లకి కొంచెం తక్కువ. 2000 వాట్ల ఎలిమెంట్‌కి 15 లీటర్లు కాగడానికి 18 నిమిషాలు, 25 లీటర్లకి అరగంట. ఒక్కడి స్నానానికి 15 చాలు. అదీ పట్టకపోతే 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ ఉంది. నీళ్లు 15 డిగ్రీలు వేడెక్కాలంటే నిమిషానికి సుమారు 3 లీటర్లే వస్తాయి. బకెట్ నిండేదాకా ఓపిక పట్టాలి, అంతే.

ఇక స్టార్ రేటింగ్. స్టోరేజ్ గీజర్‌కి బీఈఈ ఇచ్చే స్టార్లు, కాగిన నీళ్లు అలా ఉంచితే ఎంత వేడి పోతుందన్నదాని మీద ఇచ్చేవి. రోజంతా ఆన్‌లో ఉంచే ఇంటికి అది పెద్ద తేడా. 20 నిమిషాలు వేసి ఆపేసేవాళ్లకి అంత తేడా ఉండదు.

వైఫై వేస్ట్ అని నేననను. స్విచ్ ఆపడం మర్చిపోయే నాలాంటోళ్లకి షెడ్యూల్ బాగా పనికొస్తుంది. కానీ ఆ పని 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ కూడా చేస్తుంది. గీజర్ పోయినా ప్లగ్ మిగులుతుంది. బల్బుకి వాడే 6 ఆంపియర్ల ప్లగ్ మాత్రం పెట్టొద్దు. 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు, అది కాలిపోతుంది.

నన్ను నిజంగా భయపెట్టింది వేరే. పాత గీజర్ దింపినప్పుడు చూస్తే సేఫ్టీ వాల్వ్ నోటికి డమ్మీ బిగించి ఉంది. నీళ్లు కారుతున్నాయని ఎవరో ఎప్పుడో మూసేశారట. నీళ్లు కాగితే వ్యాకోచిస్తాయి, ఆ వాల్వ్ నుంచి నాలుగు చుక్కలు పడటం మామూలే. అది మూసేసి థర్మోస్టాట్ కూడా ఫెయిలైతే, ట్యాంక్‌లో పెరిగే ప్రెజర్‌కి దారే ఉండదు. ఇన్నేళ్లూ దాని కిందే నిలబడి స్నానం చేశాం.

చోటు తక్కువని గ్యాస్ గీజర్ వైపు చూసేవాళ్లకి ఒక మాట. గాలి ఆడని బాత్రూమ్‌లో అది కార్బన్ మోనాక్సైడ్ నింపుతుంది. వాసన ఉండదు, రంగు ఉండదు, ప్రాణం తీస్తుంది. లోపల పెట్టకండి.

చివరికి వైఫై మోడల్ వాపస్ పంపి, 15 లీటర్ల మామూలు గీజర్ పెట్టించా. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి ఏడాదికోసారి మెగ్నీషియం రాడ్ చూడమని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నా. అది అరిగిపోతే ఆ తర్వాత తుప్పు పట్టేది ట్యాంకే.

మీరు కొత్తది కొనకపోయినా పర్లేదు. ఇవాళ మీ బాత్రూమ్‌లో తల పైకెత్తి ఆ వాల్వ్ ఒక్కటి చూడండి. డమ్మీ కనిపిస్తే స్విచ్ వేయకుండా ముందు ప్లంబర్‌కి ఫోన్ చేయండి.