లెక్కకు ముందు ప్రశ్న

ఆపరేషన్స్ రీసెర్చ్ అనగానే మన విద్యార్థులు పట్టికలను, సమీకరణాలను తలచుకొని జంకుతున్నారు. తెలుగు బోధించే మేము ఆ శాస్త్రాన్ని గూర్చి మాట్లాడడం కొందరికి వింతగా తోచవచ్చు. అయినను దానిలో మొదటి మెట్టు భాషయే అని మా అభిప్రాయం.

పరిమితమైన ధనాన్ని, కాలాన్ని, మనుషులను, పరికరాలను ఉత్తమంగా వినియోగించే మార్గాన్ని శాస్త్రీయంగా నిర్ణయించే విద్య ఇది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో రూపు దిద్దుకొన్నది. 1949లోనే మన హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనాలయంలో దీనికొక విభాగం ఏర్పడడం మనకు గర్వకారణం.

దీని విధానంలో ముఖ్యంగా అయిదు దశలున్నవి: సమస్యను నిర్వచించడం, గణిత నమూనాను నిర్మించడం, పరిష్కారాన్ని సాధించడం, దానిని వాస్తవంతో సరిచూడడం, ఆచరణలో పెట్టి ఫలితాన్ని గమనిస్తూ ఉండడం. మూడవ దశలోని లెక్కలను నేడు కంప్యూటర్ చాలావరకు చేసిపెడుతున్నది. మొదటి దశకు మాత్రం మనిషి ఆలోచనయే ఆధారం.

1941 నాటి ఉదాహరణ ఒకటి చెప్పుదుము. జర్మన్ జలాంతర్గాములపై బ్రిటిష్ విమానాలు వేసే బాంబులను 100 అడుగుల లోతున పేలేటట్లు అమర్చేవారు. విమానాన్ని చూడగానే జలాంతర్గామి లోతుకు దిగిపోవునని వారి ఊహ. ఇ. జె. విలియమ్స్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రశ్ననే మార్చినాడు. లోతుకు దిగిన దాని జాడ ఎట్లాగూ తెలియదు. గురికి అందేది ఇంకా నీటిపై భాగాన ఉన్నదే కదా! అంత లోతున పేలిన బాంబు దానినేమి చేయగలదు? క్రమంగా ఆ లోతును 25 అడుగులకు తగ్గించగా ఫలితాలు ఎంతో మెరుగైనవి. కొత్త ఆయుధమేదీ అవసరం కాలేదు.

యుద్ధం మాట అట్లుంచి, కళాశాల గ్రంథాలయం వద్ద వరుసను చూడండి. ఇంకొక గుమాస్తా కావలెననడం తేలిక. ఏ గంటలో ఎందరు వస్తున్నారు? ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు పట్టుచున్నవి? అందరూ విరామ సమయంలోనే వస్తున్నట్లయితే వేళలను సవరించినా చాలునేమో. ఖర్చుకు ముందు ఇట్టి విచారణ జరిపించవలసినదిగా కమిటీ పెద్దలకు మా మనవి.

పరీక్షాపత్రంలో సమస్యను మరొకరు నిర్వచించి ఇస్తారు. జీవితంలో అట్లా ఇచ్చేవారుండరు. ఎదుటనున్న చిక్కును తెలుగులోనో ఉర్దూలోనో నాలుగు స్పష్టమైన వాక్యాలలో చెప్పలేని విద్యార్థి దానిని సమీకరణంగా ఎట్లు వ్రాయగలడు? కావున గణిత, వాణిజ్య శాఖల మిత్రులు ప్రతి లెక్కకు ముందు సమస్యను విద్యార్థి చేత సొంత మాటలలో వ్రాయింతురని ఆశించుచున్నాము. ఆ వాక్యాలను దిద్దిపెట్టడానికి భాషాధ్యాపకులమైన మేము సిద్ధంగా ఉన్నాము.