ఎవరి ఓటమి?

అమెరికాలో ఒక కళాశాల ఫుట్‌బాల్ జట్టు ఓడితే లక్షమంది శోకంలో మునిగిపోతారని విని మన అభ్యుదయ మిత్రులు నవ్వుతారు. ప్రజల్ని జోకొట్టే మత్తుమందు అని ఒక్క మాటతో తేల్చేసి వేరే విషయానికి పోతారు. నేనీ నవ్వును వ్యతిరేకిస్తున్నాను. జనం దుఃఖాన్ని చూసి నవ్వేవాడు, ఆ దుఃఖాన్ని అమ్ముకునేవాడికి తెలియకుండానే సాయం చేస్తున్నాడు.

అక్కడ ఫుట్‌బాల్ అంటే మన మైదానాల్లో కాళ్ళతో ఆడే ఆట కాదు. బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తుతూ, తలలు అదిరేట్టు ఒకరినొకరు ఢీకొనే ఆట. బేటన్ రూజ్ పట్టణంలో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం స్టేడియంలో లక్షా రెండువేల మందికి పైగా కూర్చోవచ్చు. 2025 అక్టోబరు 25న ఆ జట్టు తన స్టేడియంలోనే టెక్సాస్ ఏ అండ్ ఎమ్ చేతిలో 49-25తో ఓడింది. ఆట ముగియకముందే జనం లేచిపోసాగారు. వున్నవాళ్ళు కోచ్ బ్రయన్ కెల్లీని తీసెయ్యమని కేకలు పెట్టారు. మర్నాడే తీసేశారు. పదేళ్ళకు తొమ్మిదిన్నర కోట్ల డాలర్ల ఒప్పందం మీద 2021లో తెచ్చుకున్న మనిషి ఆయన. పొమ్మన్నందుకు ఒప్పందం ప్రకారం ముట్టవలసింది 5 కోట్ల డాలర్ల పైమాటే. పనిలోంచి తీసేస్తే కోట్లు చేతికొచ్చే పనివాణ్ణి మీరెక్కడైనా చూశారా?

అభిమాని నోటి మాట వినండి. “వాళ్ళు ఓడారు” అనడు; “మేము ఓడిపోయాం” అంటాడు. ఈ “మేము” అబద్ధం కాదు. తండ్రి చదివిన చోటు, తన ఊరి పేరు, ఏడాదికి ఆరేడుసార్లు ముక్కూ మొహం తెలియనివాళ్ళతో గొంతు కలిపి పాడే పాట, ఇవన్నీ అందులో వున్నాయి. ఎవరి బతుకు వారిదైన సమాజంలో ఉమ్మడిగా మిగిలినవి అట్లాంటివి కొన్నే. మన ఊళ్ళ నుంచి పై చదువులకు వెళ్ళిన పిల్లలు కొందరు ఆ రంగు చొక్కా తొడిగి “మేము” అనటంలో వింత లేదు; పరాయిచోట చెయ్యి చాచిన “మేము” అదొక్కటే కావచ్చు.

కాని ఈ “మేము”కు ఏ నిర్ణయంలోనూ ఓటు లేదు. కోచ్‌ని ఏ షరతుల మీద తెచ్చారో అభిమాని పత్రికలో చదివి తెలుసుకుంటాడు. ఓటమిలో మాత్రం అతనికి పూర్తి వాటా! వాటా వుండి అధికారం లేనివాడి కోపం ఎటు పోతుంది? నీళ్ళలాగే పల్లానికి పోతుంది.

ఇది నా ఊహ కాదు. అదే విశ్వవిద్యాలయంలోని ఎరెన్, మోకాన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు 1996 నుంచి 2012 వరకు లూసియానా బాలనేరస్థుల కోర్టుల తీర్పులు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. గెలుస్తుందనుకున్న జట్టు ఓడిన తర్వాతి వారంలో, అక్కడ డిగ్రీ పుచ్చుకున్న న్యాయమూర్తులు పిల్లలకు మరింత దీర్ఘమైన శిక్షలు వేశారు. ఆ అదనపు భారం మోసినవారు నల్లజాతి పిల్లలు. అనుకోకుండా గెలిచినప్పుడు శిక్షలేమీ తగ్గలేదు! బంతి జారినదెవరి చేతిలోంచి? జైలులో ఎక్కువ రోజులు గడిపినదెవరు? ఉద్రేకాన్ని అణచుకోవటమే వృత్తిధర్మమైనవాడే ఇట్లా ప్రవర్తిస్తే, “ఇదంతా కొందరు తాగుబోతుల అల్లరి” అనే పెద్దమనుషుల సమర్థన ఎక్కడ నిలుస్తుంది? 2013లో ఆబర్న్ చేతిలో అలబామా ఓడినప్పుడు, బంతిని మూడుసార్లు కొయ్యల మధ్యకు తన్నలేకపోయిన కుర్రవాణ్ణి చంపుతామని బెదిరించారు. ఆనాటి నియమాల ప్రకారం ఆ ఆటకు అతనికి జీతమనేదే లేదు.

పైన వున్నవారి సంగతి వేరు. కెల్లీ పోయిన కొద్దిరోజులకే గవర్నరు జెఫ్ లాండ్రీ విలేఖరుల ముందు, రాబోయే కోచ్‌ని ఎంచే పని క్రీడాశాఖ డైరెక్టరుది కాదన్నాడు. మర్నాడు ఆ డైరెక్టరు పదవి వదిలాడు. ఒక రాష్ట్రాధినేత ఇంత చురుకుగా కదలటం ముచ్చటే. అదే రాష్ట్రం 2015లో చదువుల నిధులు కోయబోతే అదే విశ్వవిద్యాలయం దివాలాకు కాగితాలు సిద్ధం చేసుకుంది. 2019లో ఆటగాళ్ళ భవనాన్ని 2 కోట్ల 80 లక్షల డాలర్లతో మెరిపించిననాడు అక్కడి గ్రంథాలయం పైకప్పు కారుతున్నది. ఆ డబ్బు దాతలది, ఆ పద్దు వేరు అంటారు. నిజమే, పద్దులు వేరు. అసలు పేచీ అదే. జనం ప్రేమంతా ఒక పద్దులో పడుతుంది, విద్యార్థి అవసరం ఇంకో పద్దులో పడుతుంది. ఇంతకూ ఆ కేకలు సాధించిందేమిటి? నవంబరు 30న కొత్త కోచ్ లేన్ కిఫిన్, ఏడేళ్ళకు 9 కోట్ల డాలర్లకు పైగా!

ఈ కట్టును తెంచినవాళ్ళు లేకపోలేదు, కాని వాళ్ళు మెట్ల మీద కూర్చున్నవారు కారు. 2015 నవంబరులో మిస్సూరీ విశ్వవిద్యాలయంలో జాతివివక్ష మీద నల్ల విద్యార్థులు ఆందోళన సాగిస్తున్నారు. ఒక విద్యార్థి నిరాహారదీక్షలో వున్నాడు. అధికారులు కదల్లేదు. అప్పుడు సుమారు 30 మంది నల్ల ఆటగాళ్ళు, విశ్వవిద్యాలయ వ్యవస్థ అధ్యక్షుడు దిగిపోయేదాకా బంతి ముట్టబోమన్నారు. కోచ్ వారి పక్షానే నిలిచాడు. ఆట రద్దయితే పది లక్షల డాలర్లు చెల్లించుకోవాలి. రెండు రోజుల్లో అధ్యక్షుడు టిమ్ వుల్ఫ్ రాజీనామా చేశాడు. ఆ శనివారం ఆట యథాప్రకారం జరిగింది. మిస్సూరీ 20-16తో గెలిచింది.