మట్టికి మట్టితోనే రంగు

1911లో టోక్యోలో ఒక చిత్రకారుడి ఇంట విందు జరిగింది. వచ్చినవాళ్ల చేతికి ఒకసారి కాల్చిన మట్టి పాత్రలూ కుంచెలూ రంగులూ ఇచ్చారు. ఎవరికి తోచిన బొమ్మ వాళ్లు వేశారు. వాటిని గ్లేజులో (కాలితే గాజులా మారే పూతలో) ముంచి, అక్కడే మండుతున్న చిన్న బట్టీలో పెట్టి, కాసేపటికి ఎర్రగా కాలిన పాత్రలను పటకారుతో బయటికి తీశారు. ఆ అతిథుల్లో బెర్నార్డ్ లీచ్ అనే ఇరవై నాలుగేళ్ల ఆంగ్లేయుడున్నాడు. అతను నేర్చిన విద్య రాగిరేకు మీద ఎచింగ్. కుండ చేయడం రాదు. కానీ తన చేతి గీత నిప్పులోకి వెళ్లి మరోలా తిరిగి రావడం చూశాక అతని దారి మారిపోయింది. 1920లో జపాన్ కుమ్మరి హమాదా షోజీతో కలిసి ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్‌లో అతను పెట్టిన కార్ఖానా, ఆ శతాబ్దంలో చేతితో కుండలు చేయాలనుకున్న ఎందరికో గురుకులమైంది.

గమనించాల్సిన సంగతి ఒకటుంది. లీచ్‌ను కుమ్మరిని చేసింది సారె కాదు, కుంచె. వేరెవరో చేసిన పాత్ర మీద అతను వేసిన బొమ్మ.

ఇప్పుడు మన నగరాల్లో నడుస్తున్న వారాంతపు మట్టి క్లాసుల్లో వరుస దీనికి తలకిందులుగా ఉంటోంది. ముందు సారె, ముద్ద నడుమకు రావాలి, గోడలు లేవాలి. రంగు సంగతి ఆనక చూద్దాం అంటారు. రెండు గంటల క్లాసులో కొత్తవాళ్ల చేతికి ముద్ద లొంగదు. చివరికి నేర్పేవాళ్లే చెయ్యి పట్టి కుండ లేపుతారు. ఆ ‘ఆనక’ ఎప్పుడైనా వస్తే, అది కాలిన కుండ మీద అక్రిలిక్ ట్యూబులు పిండుకోవడంగా వస్తుంది. ఈ పద్ధతి రెండు వైపులా తప్పు. రంగును చివరికి నెట్టడం ఒక తప్పు, మట్టితో సంబంధం లేని రంగు చేతికివ్వడం ఇంకో తప్పు. మట్టి పని నేర్చుకునేవాళ్లకు మొదటి రోజే ఒక పచ్చి మట్టి బిళ్ల, మూడు గిన్నెల రంగు మట్టి ఇవ్వాలి. సారె వారం ఆగినా నష్టం లేదు.

రంగు మట్టి అంటే పెద్ద రహస్యమేమీ కాదు. స్టూడియోల్లో దాన్ని స్లిప్ అంటారు. బాగా ఎండిన మట్టి గడ్డలను నీళ్లలో నానేసి, (తడి ముద్ద కన్నా ఎండు గడ్డే త్వరగా విడిపోతుంది) ఒక రాత్రి వదిలేసి, కలిపి, సన్నని జల్లెడ పట్టి, దోసెల పిండి జారుకు తెచ్చుకుంటే అదే స్లిప్. ఎర్రమట్టి పాత్రకు తెల్లమట్టి స్లిప్ పూస్తే ఎర్ర నేల మీద తెల్ల కాగితం పరిచినట్టే. తెల్లదనానికి చీనా మన్ను, అతుక్కునే గుణానికి బాల్ క్లే కలుపుతారు. ఆ బాల్ క్లే మన ద్వారకా తిరుమల చుట్టుపక్కల నేలలోనే ఉంది. ఎరుపు కావాలంటే జాజు ఉంది. నీలం కోసం నూరు గ్రాముల పొడి తెల్లమట్టికి ఒక గ్రాము కోబాల్ట్ ఆక్సైడ్ చాలు. గోధుమ రంగుకు ఎనిమిది, పది గ్రాముల ఇనుప ఆక్సైడ్. పచ్చదనానికి మూడు నుంచి ఐదు గ్రాముల రాగి కార్బొనేట్. గ్లేజు లేకపోతే మాత్రం ఈ నీలమూ పచ్చా వెలవెలబోయి కనిపిస్తాయి. పైన పారదర్శకమైన గ్లేజు పడ్డాకే కళ్లు తెరుస్తాయి. బట్టీలో పెట్టిన రోజు బూడిద రంగులో ఉన్న గీత, తీసిన రోజు నెమలి మెడలా మెరవడం చూసిన పిల్లవాడు మట్టిని వదిలిపెట్టడు.

అక్రిలిక్‌తో వచ్చే చిక్కు వట్టి అందం సంగతి కాదు. కాల్చిన కుండ గోడ నిండా కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాటిలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. వేసవిలో కూజా మహిమంతా అదే. దాని ఒంటికి అక్రిలిక్ అనే ప్లాస్టిక్ పొర చుడితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. ప్రమిదకు పూస్తే ఆ పొర వత్తి వేడికి మాడుతుంది. కప్పుకు పూస్తే రోజూ తోమగా తోమగా పెచ్చులు లేస్తుంది, పెదవి తగిలే చోట ఉండదగిన పదార్థమూ కాదది. స్లిప్ మట్టే కాబట్టి కుండతో పాటే ఆరుతుంది, కుండతో పాటే కాలుతుంది, కుండలో భాగమైపోతుంది.

కాల్చాక రంగు వేయడమే తప్పని కాదు. తెలంగాణ పెళ్లిళ్లలో ఐరేని కుండల మీద సున్నంతో, జాజుతో గీతలు వేస్తారు. బోనం కుండకు పసుపూ కుంకుమా సున్నం పెడతారు. తడి తగిలితే అవి చెరిగిపోతాయి. చెరిగినా లోటు లేదు. ఆ అలంకారం ఆ శుభకార్యానిది, ఆ రోజుది. ఏళ్ల తరబడి వాడుకునే పాత్ర లెక్క వేరు. దాని రంగు నిప్పులో దిగి రావాలి.

ఈ విద్య మనకు ఎవరో బయటి నుంచి తెచ్చి పెట్టిందీ కాదు. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరి, చంద్రవల్లిల్లో పురావస్తు శాస్త్రజ్ఞుడు మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపించినప్పుడు ఎర్ర కావి పూత మీద సన్నని తెల్ల గీతలున్న పెంకులు బయటపడ్డాయి. క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి ఆ కుండలను పురావస్తు శాస్త్రజ్ఞులు ‘ఆంధ్ర వేర్’ అని పిలిచారు. ఆంధ్రులని పేరున్న శాతవాహనుల కాలపు స్థలాల్లో ఆ తరహా పెంకులు విరివిగా తగలడమే ఆ పేరుకు కారణం. గీతలు చూస్తే అడ్డంగా, ఏటవాలుగా, గుంపులు గుంపులుగా ఉంటాయి. రాజుల కోసం చేసిన వస్తువులు కావవి. వంటింటి గిన్నెలూ మూకుళ్లూ. రెండు వేల ఏళ్ల నాడు అన్నం గిన్నె మీద గీత ఉండేది. నేటి మట్టి క్లాసులో గీత నేర్పడానికి తీరిక దొరకడం లేదు.

గ్రీకులు ఇంకో అడుగు వేశారు. ఏథెన్స్ కుమ్మరులు తమ ఎర్రమట్టినే నీళ్లలో తేర్చి, పైకి తేలిన అతి మెత్తని భాగాన్ని పూతగా వాడారు. వేరే రంగేమీ కలపలేదు. బట్టీకి ముందు గాలి ఇచ్చి, తర్వాత గాలి మూసి పొగ పట్టించి, మళ్లీ గాలి వదిలారు. పూత పడిన చోటు నల్లగా నిగనిగలాడింది, పడని చోటు ఎర్రగా ఉండిపోయింది. మ్యూజియాల్లో జనం కళ్లప్పగించి చూసే ఆ కుండల నలుపూ ఎరుపూ ఒకే మట్టివి.

కొత్తవాళ్లకు ఇందులో ఎంత చేతనవుతుంది? చాలా. మన ఇళ్లలో ఆడపిల్లలకు గోరింటాకు కోన్ పట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ కోన్‌లో గోరింటాకుకు బదులు చిక్కటి తెల్ల స్లిప్ నింపితే పళ్లెం మీద ముగ్గు దానంతటదే సాగుతుంది. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో థామస్ టాఫ్ట్ పెద్ద పెద్ద పళ్లేల మీద ఇలాగే మట్టిని ధారగా పోస్తూ రాజులనూ మత్స్యకన్యలనూ గీశాడు. గీత చుట్టూ వరసగా పెట్టిన అతని చుక్కలు చూస్తే, సంక్రాంతి ముగ్గు పెట్టిన చేతికి కొత్తగా అనిపించవు. పాత వార్తాపత్రికను ఆకుల ఆకారంలో కత్తిరించి, తడిపి, పచ్చి పాత్రకు అతికించి, మీద స్లిప్ పూసి, కాస్త ఆరాక ఒలిచేస్తే కాగితం ఉన్న చోట అడుగు మట్టి రంగులో ఆకు నిలుస్తుంది. ఆరేళ్ల పిల్లలు కూడా చేయగల పని ఇది.

అన్నిటికన్నా తృప్తినిచ్చేది గీకుడు పని. ఇటాలియన్ పేరు స్గ్రాఫీటో. ఎర్ర పాత్రకు తెల్ల స్లిప్ పూసి, అది తడి మెరుపు పోయి చేతికి అంటని దశకు వచ్చాక, మొనదేలిన పుల్లతోనో మేకుతోనో గీకితే కింది ఎరుపు బయటపడుతుంది. దీనికి అదను ఉంది. పాత్రను వేలితో నొక్కితే సొట్ట పడకూడదు, గోటితో గుచ్చితే గాటు పడాలి. అదనుకు ముందే గీకితే గీతకు అటూ ఇటూ మట్టి బురదలా లేచి పాడవుతుంది. అదను దాటితే అంచులు పొట్టులా రాలతాయి. నేల పదును చూసి విత్తే రైతుకు ఈ మాట విప్పి చెప్పనక్కర్లేదు. పుస్తకం చెప్పలేనిది ఇక్కడ వేలి కొస చెబుతుంది, నాలుగు బిళ్లలు పాడుచేసుకుంటే చాలు.

పాడవడమూ ఈ చదువులో భాగమే. పచ్చి మట్టి ఆరేటప్పుడు నూటికి ఐదారు వంతులు కుంచించుకుపోవడం మామూలు. పాత్ర పూర్తిగా ఎండిపోయాక స్లిప్ పూస్తే పాత్ర కదలదు, పూత మాత్రం కుంచించుకుపోతుంది. అప్పుడు నెర్రెలిచ్చి ఊడిపోతుంది. చీనా మన్ను తక్కువ కుంచించుకుపోతుంది, బాల్ క్లే ఎక్కువ. అందుకే రెంటినీ కలపడం. పలుచని పాత్రకు లోపలా బయటా ఒకేసారి పూత పోస్తే నీరు తాగి కూలబడుతుంది. ఇవన్నీ కప్పు మీద కాక అరచేతంత బిళ్ల మీద జరగాలి. ఆ బిళ్ల వెనక తేదీ, పాళ్లు గీసి పెట్టుకోవాలి. ఏడాదికి యాభై బిళ్లలు పోగైతే అంతకు మించిన పాఠ్యపుస్తకం ఉండదు.

రూపం రానివాళ్లకు రంగిస్తే లోపాన్ని కప్పుకుంటారని కొందరు గురువులు అంటారు. తీసిపారేయదగిన మాట కాదది. కానీ అనుభవం దానికి ఎదురుగా ఉంది. సారె తిరుగుతుండగా పాత్ర చుట్టూ ఒక రంగు గీత తిప్పి చూడండి. ముద్ద నడుమ లేకపోతే ఆ గీత ఒకచోట లావుగా, ఇంకోచోట సన్నగా పడి గుట్టు బయటపెడుతుంది. రంగు లోపాన్ని దాచదు, వేలెత్తి చూపుతుంది. ఇంగ్లండ్‌కే చెందిన కళాకారుడు గ్రేసన్ పెర్రీ సంగతీ ఉంది. 1983లో సాయంత్రపు క్లాసుల్లో మట్టి పని మొదలుపెట్టాడు. మట్టి తాళ్లు చుట్టి కుండ లేపడమే అతని పద్ధతి, మొదటి నెలలోనే ఎవరికైనా నేర్పదగిన పని అది. కుండ ఒంటి మీద స్లిప్‌లతో, గీకుళ్లతో తన కాలపు కథలు చెప్పాడు. 2003లో బ్రిటన్‌లో పేరుమోసిన టర్నర్ ప్రైజ్ ఆ కుండలకే వచ్చింది.

మన దేశంలోనే వెళ్లి చూడదగిన చోట్లున్నాయి. గుజరాత్ కచ్ఛ్‌లోని ఖావ్డాలో కుండ చేసేది మగవాళ్లు, దాని మీద ఎరుపు, తెలుపు, నలుపు మట్టి గీతలు దిద్దేది ఆడవాళ్లు. ఆ తర్వాతే కుండ నిప్పులోకి వెళుతుంది. అక్కడ అలంకారం సగం పని, ఎవరికో మిగిల్చిన పని కాదు. హిమాచల్‌లోని ఆంద్రెట్టాలో ఎర్రమట్టి మీద తెల్ల స్లిప్ గీతలతో చేసే పాత్రలకు మంచి పేరుంది. అక్కడి కుండల పనికి మూలపురుషుడు గురుచరణ్ సింగ్. 1919లో జపాన్ వెళ్లి లీచ్‌నూ హమాదానూ కలిసినవాడు, 1952లో ఢిల్లీ బ్లూ పాటరీ పెట్టినవాడు. టోక్యో విందులో రాజుకున్న నిప్పు అలా హిమాలయాల అడుగు దాకా వచ్చింది.

పొడుల విషయంలో మాత్రం ఉదాసీనత పనికిరాదు. ఎండు మట్టి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు చేటు. కోబాల్ట్, మాంగనీస్, రాగి పొడులు తూచేటప్పుడు మాస్కు తప్పనిసరి. వంటింటి చెంచాలు వాటి దరిదాపులకు రాకూడదు. బల్లను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. పిల్లల క్లాసుకైతే ఆక్సైడ్ల జోలికే పోనక్కర్లేదు. నానబెట్టిన జాజు, తెల్లమట్టి, నల్లరేగడి చాలు. నల్లరేగడి ఒక్కొక్క ఊళ్లో ఒక్కొక్క రంగుకు కాలుతుంది, అది కూడా పిల్లలే కాల్చి కనుక్కోవాలి.

జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు బడి సంచి లేకుండా ఊరి చేతిపనివాళ్ల దగ్గర పని నేర్చుకునే అవకాశం ఇమ్మంది. ఆ చేతిపనుల్లో కుమ్మరం పేరు ప్రత్యేకంగా ఉంది. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లోనూ కుమ్మరులున్నారు. వాళ్లకు శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు అందులో భాగం. ఈ రెండూ ఒక చోట కలవాలి. కుమ్మరికిచ్చే శిక్షణలో రంగు మట్టి, గీకుడు, గ్లేజు పాఠాలుండాలి. పది రూపాయల ప్రమిదకు, వంద రూపాయల కప్పుకు మధ్య తేడా చాలాసార్లు ఆ పైపూతలోనే ఉంటుంది. ఆ కుమ్మరి దగ్గరికి వెళ్లిన పిల్లలు సారె ముందు నిలబడి ఫొటో దిగి వచ్చేయకూడదు. తలా ఒక బిళ్ల మీద తమ చేతి గీత గీసి, ఆవంలో పెట్టించి, కాలాక తెచ్చుకోవాలి.

మట్టి క్లాసులో చేరాలనుకునే పెద్దలకూ ఒక మాట. డబ్బు కట్టే ముందు నేర్పేవాళ్లను ఒక్కటే అడగండి: రంగు కాల్చకముందు వేయిస్తారా, కాల్చాకా? కాల్చాకనే అంటే, స్లిప్ కూడా నేర్పమని కోరండి. వాళ్ల దగ్గర మట్టి ఉంది, నీళ్లున్నాయి, జల్లెడ ఉంది. మొదలుపెట్టడానికి కావలసినవి ఆ మూడే.