ఎంచుకోని దారికీ వాక్యాలు కావాలి

సాహిత్య పత్రికలో వీడియో గేముల మీద సంపాదకీయమేమిటని కొందరు పెద్దలు నొసలు చిట్లిస్తారని తెలుసు. వాళ్ల కోసం ముందుగా ఒక రచయిత సంగతి. రాబర్ట్ కుర్విట్స్ ఎస్టోనియా నవలాకారుడు. 2013లో నవల అచ్చేస్తే వెయ్యి కాపీలు పోవడమే గగనమైంది. తెలుగు నవలాకారులకు ఈ బాధ విడమరచి చెప్పనక్కర్లేదు. అదే ఊహాలోకాన్ని తీసుకుని, మిత్రులతో కలిసి 2019లో 'డిస్కో ఎలిసియం' అనే గేమ్ తెచ్చాడు. తాగిన మైకంలో సొంత పేరు కూడా మరిచిపోయిన ఒక డిటెక్టివు అందులో మనమే. కత్తీ కటారూ తిప్పే పని లేదు, అడుగడుగునా మాటలే. మొత్తం రచన పది లక్షల మాటలు దాటింది. నవలను పట్టించుకోని లోకం దాన్ని ఆడుతూ ఆడుతూ చదివేసింది.

కుర్రకారు ఆర్పీజీ అని పిలుచుకునే రోల్ ప్లేయింగ్ గేమ్ సారమంతా ఇదే. ఒక పాత్రను నెత్తికెత్తుకుని, దాని బలమూ బలహీనతా మనమే తేల్చుకుని, ఎదుటివాడికి ఏం బదులివ్వాలో మనమే ఎంచుకుంటూ కథ నడపడం. 1974లో అమెరికాలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పేరిట కాగితం, పెన్సిలు, పాచికలతో మొదలైన ఆట. కంప్యూటరెక్కాక పెద్ద కంపెనీల పాలైంది. ఇప్పుడు మళ్లీ నలుగురు స్నేహితులో, ఒంటరి మనిషో చేస్తున్నారు. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని 'స్టార్‌డ్యూ వ్యాలీ' చేసి 2016లో వదిలాడు. 2021లో ఆయన ప్రకటించిన 'హాంటెడ్ చాకొలేటియర్' కోసం జనం ఏళ్లుగా కాచుకుని ఉన్నారు. టోబీ ఫాక్స్ 'డెల్టారూన్' 2018 నుంచీ అధ్యాయం తరవాత అధ్యాయంగా వస్తోంది. అంటే సీరియలే.

సీరియల్ అంటే తెనాలివాళ్లం మేం చెవి నిక్కిస్తాం. 1947 జులైలో నాగిరెడ్డితో కలిసి 'చందమామ' మొదలుపెట్టిన చక్రపాణి మా ఊరివాడు. దశాబ్దాలపాటు దాన్ని దిద్దిన కొడవటిగంటి కుటుంబరావు మా ఊరివాడు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి వరసగా పన్నెండు సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గుంటూరు జిల్లావాడు. వాటిలో ఒకటైన 'మాయా సరోవరం'లో జయశీలుడి చేతిలో కత్తి, సిద్ధసాధకుడి చేతిలో శూలం, ఇద్దరి ముందూ తెలియని అడవి. నెలకో గండం, గండానికో కొత్త జీవి, చివర్లో ఊపిరి బిగబట్టించే మలుపు. దానికి చిత్రకారుడు 'చిత్ర' గీసిన బొమ్మలు తోడు. ఆ పాత సంచికలు చూస్తే ఇవాళ్టి గేమ్ డిజైనరు లేచి నిలబడతాడు. సుబ్రహ్మణ్యం పేరు మాత్రం ఏళ్ల తరబడి ఆ పేజీల మీద పడలేదు. గేముల్లో కూడా రాసినవాడి పేరు చిట్టచివర, చీమతలంత అక్షరాల్లో వస్తుంది లెండి.

మన దేశంలో పని జరగడం లేదని కాదు. హైదరాబాదు ఓగర్ హెడ్ స్టూడియో 2017లో 'అసుర' చేసింది. పుణె నాడింగ్ హెడ్స్ 2020లో 'రాజీ' తెచ్చింది. నవలాకారుడు అమీష్ త్రిపాఠి భాగస్వామిగా ఉన్న సంస్థ 'ఏజ్ ఆఫ్ భారత్' ప్రకటించింది. చూశారుగా, అన్నీ అసురులూ దేవతలూ ప్రాచీన భారతమే. పురాణమంటే మాకు పేచీ లేదు. బాపట్లలో పుట్టి, తెనాలి రామవిలాస సభలో పేరుకెక్కిన స్థానం నరసింహారావు సత్యభామ వేషం కట్టిన ఊళ్లివి. ఆ పాత్ర పాటను ఆయనే రాసుకున్నారు. జనం టిక్కెట్టు కొని చూసింది అలకను, అతిశయాన్ని, ఆ వాలుజడ విసురును. అదే మనిషి 'కన్యాశుల్కం'లో మధురవాణి అయినప్పుడు ఆ విసురు వేరు. మన గేముల్లో పురాణ పాత్రలకు ఆయుధాలు దండిగా ఇస్తున్నారు, నోరివ్వడం మరిచిపోతున్నారు. అది ప్రోగ్రామర్ల తప్పు కాదు, పక్కన కూర్చునే రచయిత లేకపోవడం.

అసలు పురాణం దాకా ఎందుకు? 1977 నవంబరు 19. ఏటికి ఆవల దివిసీమను ఉప్పెన ఊడ్చేసిన రోజు. రేపల్లె కింద, సముద్రం వైపు ఒక పల్లె అనుకోండి. ఆడేవాడు ఆ ఊరి బడిపంతులు. మధ్యాహ్నం నుంచీ ఈదురుగాలి. ఒకామె చంకలో బిడ్డతో వచ్చి అడుగుతుంది: "పంతులుగారూ, బళ్లోకి వచ్చెయ్యమంటారా, ఇళ్లకాడే ఉండమంటారా?" తెర మీద మూడు జవాబులు. "అందరూ బళ్లోకి వచ్చెయ్యండమ్మా." "తొందరేముంది, రేడియోలో ఇంకోసారి విందాం." "ముందు గొడ్ల పలుపులు కోసెయ్యమను మీ ఆయన్ని." మూడోది ఎంచుకున్నవాడికి మర్నాడు బతికున్న ఒక గేదె కనిపించాలి. దాని మెడలో తెగిన పలుపు ఉండాలి. మొదటి జవాబిచ్చినవాడికి ఆ గేదె సంగతే తెలియదు.

ఇక్కడే ఉంది ఈ రచనలోని కష్టం. కథకుడు ప్రతి వాక్యమూ ప్రతి పాఠకుడూ చదువుతాడనే ధీమాతో రాస్తాడు. గేమ్ రచయితకు ఆ ధీమా లేదు. నూటికి తొంభైమంది తొక్కని దారికీ అంతే శ్రద్ధగా, అంతే మంచి తెలుగులో రాయాలి. రెండో జవాబిచ్చిన పంతుల్ని తిట్టకూడదు, వెక్కిరించకూడదు. ఆ రాత్రి రేడియో వింటూ కూర్చున్న మనుషులు నిజంగా ఉన్నారు.

ఇంకో అడ్డంకి అక్షరాలది. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు, అంటే గేమ్ ఇంజిన్లు, చాలావాటికి ఒత్తులు కట్టడం రాదు. 'స్త్రీ' అని టైపు చేస్తే సకారం ఒక పక్క, తకారం ఒక పక్క, గుడి దీర్ఘం గాల్లో తేలుతూ ఉంటాయి. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు దారిలోనే భట్టిప్రోలు ఉంది. 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో దక్షిణాది లిపుల తొలినాళ్ల రాతలున్న ధాతుకరండాలు దొరికిన చోటు. రెండువేల ఏళ్ల కిందట రాతి మీద కుదిరిన అక్షరం గాజు తెర మీద కుదరకపోవడం చిరాకు పుట్టించే సంగతే. అయితే దారి దొరికింది. 2023లో వచ్చిన గోడో అనే ఇంజిన్ నాలుగో వెర్షన్ సంయుక్తాక్షరాల్ని సరిగ్గా కూర్చుతుంది, పైగా ఉచితం. కోడ్ అస్సలు రానివాళ్లకు ట్వైన్ ఉంది. అది బ్రౌజర్లో నడుస్తుంది కాబట్టి తెలుగు చెక్కుచెదరదు. డబ్బాలు గీసుకుని, గీతలతో కలుపుకుంటూ కథ అల్లుకోవడమే.

బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలకు కోడ్ ఎలాగూ వస్తుంది. వాళ్ల పక్కన కూర్చోవలసింది మన కథకులు. అందుకని వచ్చే సంచిక నుంచి ఇలా దారులు చీలే కొమ్మల కథలకు నాలుగు పేజీలు కేటాయిస్తున్నాం. ఊరు మీ ఇష్టం, కాలం మీ ఇష్టం. కనీసం మూడు చోట్ల పాఠకుడు దారి ఎంచుకునేలా ఉండాలి. పంపేటప్పుడు కొమ్మలన్నీ పంపండి, ఎవరూ ఎంచుకోరని మీరనుకునేవి కూడా. మేం ముందు చదివేవి అవే.