గాలి ఓడకు సియాచిన్ దారి చూపొద్దు

2020 జూన్ 22న ఉత్తరాఖండ్‌లోని మున్సియారీ దగ్గర ఒక బెయిలీ వంతెన కుప్పకూలింది. చైనా సరిహద్దు వైపు సాగే మిలం రోడ్డు పని కోసం ట్రైలర్ మీద భారీ ఎక్స్‌కవేటర్‌ను తరలిస్తున్నారు. 18 టన్నులు మోయగల వంతెన మీదికి సుమారు 26 టన్నుల బరువు ఎక్కింది. వంతెన, ట్రైలర్, యంత్రం అన్నీ కలిసి వాగులో పడ్డాయి. వీడియో చూసినవాళ్లలో చాలామంది డ్రైవర్‌ను తిట్టుకున్నారు. సరిహద్దు రహదారుల సంస్థ (బీఆర్‌వో) ఆరు రోజుల్లో అక్కడ కొత్త వంతెన నిలబెట్టింది. ఆ సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు.

డ్రైవర్ తప్పు ఎలా ఉన్నా, చిక్కు అంతకంటే లోతైనది. కొండల్లో రోడ్డు వేయాలంటే యంత్రం వెళ్లాలి. యంత్రం వెళ్లాలంటే రోడ్డు ఉండాలి. అదే మిలం దారిలో లాస్పా దగ్గరికి రాతిని తొలిచే యంత్రాలను హెలికాప్టర్లతో చేర్చాలని 2019లో చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. 2020లో గానీ అది సాధ్యపడలేదు. గట్టి రాయి ఎదురైన చోట రోడ్డు పని ఏళ్ల తరబడి వెనకబడింది. సరిహద్దు రోడ్ల జాప్యం మీద చర్చ వచ్చినప్పుడల్లా నిధులు, అనుమతుల గురించే మాట్లాడతాం. ముక్కలు చేయడానికి వీల్లేని బరువును కొండ మీదికి ఎలా చేర్చాలన్న ప్రశ్న వెనక్కి పోతుంది.

ఈ ప్రశ్నకు ఎయిర్‌షిప్ జవాబు చెబుతుందన్న వాదన కొన్నేళ్లుగా బలపడుతోంది. హీలియం నింపిన పెద్ద గాలి ఓడ ఇది. బరువును వాయువు మోస్తుంది, ఇంజిన్లు ముందుకు నడుపుతాయి. రన్‌వే అక్కర్లేదు. 1937లో హిండెన్‌బర్గ్ కాలిపోయింది హైడ్రోజన్ వల్ల. హీలియం మండదు కాబట్టి ఆ భయం వదిలేయొచ్చు. ఫ్రాన్స్‌కు చెందిన ఫ్లయింగ్ వేల్స్ సంస్థ 200 మీటర్ల పొడవుతో, గాల్లో నిలిచే 60 టన్నుల సరుకు ఎక్కించి దించే ఓడను రూపొందిస్తోంది. అడవుల్లోంచి కలప తేవాలన్నది వారి మొదటి ఆలోచన. బ్రిటన్ ఎయిర్‌లాండర్ 10 లక్ష్యం 10 టన్నులు. మన వైమానిక దళం దగ్గరున్న చినూక్ మోసేదీ గరిష్ఠంగా దాదాపు అంతే, అదీ మైదానంలో. అమెరికాలో గూగుల్ సహ వ్యవస్థాపకుడు సెర్గీ బ్రిన్ డబ్బుతో తయారైన 124 మీటర్ల పాత్‌ఫైండర్ 1 ఇప్పటికే ఎగిరింది. ఫ్రెంచి ఓడ ఇంకా గాల్లోకి లేవలేదు.

మన దేశంలో ఈ మాట రాగానే అందరి చూపూ లద్దాఖ్ మీదికి, సియాచిన్ మీదికి మళ్లుతుంది. ఎందుకో అర్థం చేసుకోగలను. దాదాపు 11,500 అడుగుల జోజిలా కనుమ మూతపడక ముందే ఏడాదికి సరిపడా రేషన్, కిరోసిన్, మందుగుండు, గుడారాల సామగ్రి అక్కడికి చేర్చాలి. నేను అక్కడ పనిచేసిన రోజుల్లో మా క్వార్టర్‌మాస్టర్ ఆగస్టులోనే మార్చి నెల కిరోసిన్ లెక్క అడిగేవాడు. చిట్టచివరి పోస్టుకు వెళ్లే జెరికాన్ ముందు రైలెక్కుతుంది, తర్వాత లారీ, ఆ తర్వాత హెలికాప్టరో కంచరగాడిదో, ఆఖరికి మనిషి వీపు. 2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత వైమానిక దళం 68 వేల మందికి పైగా సైనికులను, దాదాపు 9 వేల టన్నుల సామగ్రిని తూర్పు లద్దాఖ్‌కు చేర్చినట్లు తర్వాత వార్తలొచ్చాయి. అది గొప్ప పనితనం. అంతే గొప్ప ఖర్చు కూడా. దాన్ని తగ్గించే దారి ఎవరు చూపినా సైన్యం ఆశగా వింటుంది.

అయినా లద్దాఖ్‌కు ఎయిర్‌షిప్ వద్దనే అంటాను. ఇది లెక్కల సంగతి. సముద్రమట్టం దగ్గర ఒక ఘనపు మీటరు హీలియం సుమారు ఒక కిలో బరువు ఎత్తుతుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, ఎత్తే శక్తీ తగ్గుతుంది. 18 వేల అడుగుల దగ్గర అది సగానికి కాస్త ఎక్కువే. ఒక ఓడ కింద మొత్తం 180 టన్నులు ఎత్తగలదని, అందులో 120 టన్నులు దాని సొంత బరువని అనుకుందాం. మిగిలే 60 సరుకు. 5 వేల అడుగుల ఎత్తులో మొత్తం శక్తి 155కు దిగుతుంది, అంటే సరుకు 35 టన్నులు. లేహ్ విమానాశ్రయం ఎత్తు 10,682 అడుగులు. అక్కడ మిగిలేది పది టన్నుల చిల్లర. 18 వేల అడుగుల దగ్గర దాదాపు 103 టన్నుల శక్తితో ఆ ఓడ తన బరువే తాను మోయలేదు. లేహ్ చేరాలన్నా మధ్యలో అంతకంటే ఎత్తైన పర్వత శ్రేణులు దాటాలి. ఇవి ఉజ్జాయింపు అంకెలే. కానీ ఇంజిన్లు ఎంత మెరుగుపడినా వాతావరణ సాంద్రత మారదు.

దించేటప్పుడు ఇంకో చిక్కుంది. 60 టన్నుల సరుకు దిగిన మరుక్షణం ఓడ 60 టన్నులు తేలికవుతుంది. పైకి తన్నుకుపోకుండా అంతే బరువు తిరిగి ఎక్కించాలి. మైదానంలో నీళ్లు పంపు చేస్తారు. లద్దాఖ్ చలికాలంలో నీళ్లెక్కడివి? సియాచిన్‌లో 1984 నుంచి పేరుకున్న చెత్తను ఆ బరువు కింద కిందికి తేవచ్చని ఒక మిత్రుడు చమత్కరించాడు. ఆలోచన చెడ్డది కాదు, ఓడ అక్కడిదాకా వెళ్లగలిగితే.

గాలి సంగతి సరేసరి. ఫుట్‌బాల్ మైదానం కంటే పొడవైన శరీరం గాలికి తెరచాప లాంటిది. 2017 నవంబరులో ఎయిర్‌లాండర్ కట్టిన స్తంభం నుంచి విడిపోయి కూలబడింది, అదీ ఇంగ్లండ్ మైదానంలో. మన కనుమల్లో మధ్యాహ్నం లేచే గాలి తెలిసినవారికి వేరే చెప్పక్కర్లేదు. ఇక శత్రువు. ఈ ఓడ పెద్దది, నిదానమైనది, ఎంతో దూరం నుంచే కనిపిస్తుంది. తుపాకీ గుండ్లు తగిలితే వెంటనే కూలదు గానీ క్షిపణి సంగతి వేరు. వాస్తవాధీన రేఖ దాపున దీనికి పని లేదు.

అలాగని పక్కన పడేయమనడం లేదు. తగిన చోటు ఈశాన్యంలో ఉంది. బ్రహ్మపుత్ర మైదానం దాకా రైలు, లారీ, పడవ అన్నీ ఉన్నాయి. అక్కడి నుంచి అరుణాచల్ లోయల్లోకి వెళ్లే దారే ఇరుకు. కొండచరియ ఒకటి విరిగితే జిల్లాకు జిల్లాయే తెగిపోతుంది. చాంగ్లాంగ్ జిల్లాలోని విజయనగర్‌లో ఉప్పు, సిమెంటు ధరలు చాలాకాలం కథలుగా చెప్పుకున్నారు. సరుకు అక్కడికి విమానంలో వెళ్లేది, లేదా మనిషి మోయాల్సి వచ్చేది. ఈ లోయల్లో చాలావాటి ఎత్తు 5 వేల అడుగుల లోపే. పై లెక్క ప్రకారం అక్కడ సరుకు మోసే శక్తి సగానికి పైగా నిలుస్తుంది. బ్యాలస్ట్‌కు నీళ్లకు కొదవ లేదు. 2,880 మెగావాట్ల దిబాంగ్ ప్రాజెక్టుకు టర్బైన్ భాగాలు, వంతెనలకు గర్డర్లు, రోడ్డు పనులకు ఎక్స్‌కవేటర్లు ఒకే ముక్కగా చేర్చాల్సిన సరుకే. వీటి వెనకే సైన్యం రోడ్డు కూడా వస్తుంది.

అక్కడా ఏడాది పొడవునా కుదరదు. 2019 జూన్ 3న జోర్హాట్ నుంచి మెచుకా బయల్దేరిన ఏఎన్-32 కొండను ఢీకొని 13 మందిని బలి తీసుకుంది. రుతుపవనాల వేళ ఆ కొండల్లో విమానానికే దిక్కు లేదు, గాలి ఓడ మాట చెప్పేదేముంది. అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా పొడి నెలలే దీని కాలం. అండమాన్ పేరు కూడా కొందరు చెబుతున్నారు. విశాఖ నుంచి, చెన్నై నుంచి అక్కడికి నీటి ఓడలు వెళ్తూనే ఉన్నాయి. చవకైన సముద్ర మార్గం ఉన్నచోట, పైగా తుపానుల దారిలో, ఈ ప్రయోగం మొదలుపెట్టడం తెలివైన పని కాదు.

మొదలుపెట్టేవాళ్లు జర్మనీ కార్గోలిఫ్టర్ కథ గుర్తుంచుకోవాలి. 160 టన్నులు మోసే ఓడ కడతామని ముందు 360 మీటర్ల హ్యాంగర్ కట్టారు. 2002లో కంపెనీ దివాలా తీసింది, ఓడ పుట్టలేదు. ఆ హ్యాంగర్ ఇప్పుడు జలక్రీడల రిసార్టు. అమెరికా సైన్యం నిఘా కోసం చేయించిన ఓడ 2012లో ఒకసారి ఎగిరింది, మరుసటి ఏడాదే పథకం రద్దయింది. ఆ ఓడనే బ్రిటిష్ సంస్థ తిరిగి కొని ఎయిర్‌లాండర్‌గా మార్చింది. ఈ రంగంలో ప్రకటనకూ సరుకు డెలివరీకీ మధ్య దూరం చాలా ఎక్కువ. చైనా 2022 మేలో ఎవరెస్టు దగ్గర తాడుతో కట్టిన జిము-1ను 9,032 మీటర్లకు పంపింది. ఏఎస్700 అనే చిన్న ప్రయాణికుల ఎయిర్‌షిప్‌కు 2023 డిసెంబరులో అనుమతిచ్చింది. అవి సరుకు మోసేవి కావు. వాటిని చూసి కంగారుగా కొనుగోలుకు దిగనక్కర్లేదు.

మనకు పునాది లేకపోలేదు. ఆగ్రాలోని డీఆర్‌డీవో ప్రయోగశాల తయారుచేసిన స్ట్రాటోస్ఫియర్ ఎయిర్‌షిప్ 2025 మే 3న మధ్యప్రదేశ్‌లోని షియోపూర్ నుంచి 17 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి 62 నిమిషాలు ఎగిరింది. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా శాస్త్ర పరికరాలను ఆకాశానికి పంపుతోంది. పరికరాలు ఎత్తడం వేరు, పదుల టన్నులు మోయడం వేరు. కానీ పొర తయారీ, వాయువు లీకు, పై గాలుల లెక్క తెలిసినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. లేనిది హీలియం. దాదాపు అంతా దిగుమతే, ఆసుపత్రుల ఎంఆర్ఐ యంత్రాలకూ అదే కావాలి. 2017లో పొరుగు దేశాలు ఖతార్‌ను దిగ్బంధించినప్పుడు అక్కడి హీలియం ప్లాంట్లు కొంతకాలం ఆగిపోయాయి.

కాబట్టి రక్షణశాఖ ఓడలు కొనకూడదు. రోడ్లు, విద్యుత్ శాఖలు బీఆర్‌వోతో కలిసి ఎగువ అస్సాంలో ఒక స్థావరం నుంచి రెండు పొడి సీజన్లకు రవాణా సేవను మాత్రమే కొనాలి. గమ్యానికి చేరిన టన్నుకే డబ్బు. ఎగరని రోజుకు పైసా ఇవ్వొద్దు. హీలియం సమకూర్చే భారం, నిల్వ పూచీ ఆపరేటరుదే. ప్రతినెలా ఎన్ని రోజులు ఎగరాలనుకున్నారు, ఎన్ని రోజులు ఎగిరారు, టన్నుకు చినూక్‌తో పోలిస్తే ఎంతయింది అన్న మూడు అంకెలను పార్లమెంటరీ స్థాయీ సంఘానికి ఇవ్వాలి. ఆ అంకెలు చేతికొచ్చేదాకా లద్దాఖ్ శీతకాల నిల్వల ప్రణాళికలో ఎయిర్‌షిప్ పేరిట ఒక్క లారీ కూడా తగ్గించకూడదు.