కరణంగారి కట్టలు – మన ఫోల్డర్లు

కంప్యూటరు ఎరుగని విద్యార్థి మన కళాశాలలో ఇప్పుడు లేడు. తాను దాచిన కాగితం ఆ కంప్యూటర్లో ఎక్కడుందో తడుముకోకుండా చెప్పగల విద్యార్థి మాత్రం అరుదు. ఈ రెండు వాక్యాలకూ మధ్యనున్న దూరాన్ని గురించే నేను రాయదలచుకున్నాను. సావనీరులో రాయడానికి ఇదా విషయం, దేశంలో ఇంతకంటే పెద్ద సమస్యలు లేవా అని కొందరు మిత్రులు అడుగుతారు. ఉన్నాయి, కాదనను. కాని స్కాలర్‌షిప్పు గడువు ముగిసేరోజు సాయంత్రం అయిదు గంటలవేళ ఆదాయ ధ్రువపత్రం కనబడని పిల్లవాడికి అంతకంటే పెద్ద సమస్య మరొకటి ఉండదు.

అటువంటి పిల్లలు ఏటా నా దగ్గరకు వస్తారు. "పెట్టాను సార్, ఇందులోనే ఎక్కడో ఉంది సార్" అంటారు. చూడబోతే తెరనిండా ఫైళ్ళే. స్కాన్ ఒకటి, స్కాన్ రెండు, న్యూ ఫోల్డర్, దాని పక్కన న్యూ ఫోల్డర్ (2). ప్రాజెక్టు ఫైనల్ అని ఒకటి, ఫైనల్ ఫైనల్ అని ఇంకొకటి, "ఇదే అసలు ఫైనల్" అని మూడోది! ఫోనులో వెదుకుదామంటే పెళ్ళి ఫొటోలకూ, గుడ్ మార్నింగ్ పువ్వులకూ నడుమ పదో తరగతి మార్కుల మెమో ఇరుక్కుని ఉంటుంది. "వాట్సాప్‌లో పంపారు సార్, పైకెళ్ళిపోయింది" అంటాడొకడు. పైకెళ్ళిపోయింది అన్నమాట మన ఊళ్ళల్లో ఎవరిని గురించి వాడతారో వాడికి తట్టదు.

పిల్లల్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. ఇది మెట్ట ప్రాంతం పిల్లల వెనకబాటుతనం అని ఎవరైనా అంటే నేనొప్పుకోను. కంప్యూటర్లో పుట్టి పెరిగిన కొత్త తరం విద్యార్థులకు ఫోల్డరు అన్న భావనే అందడం లేదని అక్కడి అధ్యాపకులు తలపట్టుకుంటున్న సంగతి 2021లో "ది వెర్జ్" అనే అమెరికా పత్రిక పెద్ద వ్యాసంగా వేసింది. అన్నీ ఒకే గంపలో పోసి, కావలసినప్పుడు పేరు కొట్టి తీసుకోవడం వాళ్ళ అలవాటు. మనవాళ్ళదీ అదే.

ఫోల్డరు అన్నది మనకు పరాయి సరుకు కూడా కాదు. తెరమీద బల్లా, బల్లమీద కాగితాలూ, కాగితాలకు అట్టలూ బొమ్మలుగా చూపించే యంత్రాన్ని 1981లో జిరాక్స్ కంపెనీవారు "స్టార్" అనే పేరుతో అమ్మకానికి పెట్టారు. (ఆ కంపెనీ పేరు మన నందిగామ సెంటర్లో నకలు తీయడానికి క్రియాపదమై కూచుంది. వాళ్ళు చేసిన అసలు గొప్పపని ఎవరికీ గుర్తులేదు.) కాని ఒక పెద్ద వస్తువును భాగాలు చేసి, ప్రతి భాగానికీ పేరుపెట్టి, ఆ పేరునుబట్టే దాని చోటు చెప్పడం ఇక్కడి రైతుకు అంతకు చాలాముందే తెలుసు. సర్వే నెంబరంటే మరేమిటి? జిల్లా, తాలూకా, గ్రామం, గ్రామంలో 112వ నెంబరు, అందులో రెండో భాగం, ఆ రెండులో 'ఎ'. 112/2ఎ అని రైతు నోటితో అన్నాడంటే, రెవెన్యూ ఆఫీసులో ఆ గ్రామం తాలూకు కొలతల పుస్తకం తీసి, ఆ పేజీ తిప్పి, ఆ చెక్క ఎన్ని లింకులో చూపించవచ్చు. ఎఫ్.ఎం.బి. అంటారే, అదే. కంప్యూటరు కూడా ఫైలు చోటును గీతలు గీసుకుంటూ ఇలాగే చెబుతుంది. చదువురాని తాతగారు పొలం చిరునామా తప్పులేకుండా చెబుతూంటే, డిగ్రీ చదివే మనవడు తన కులధ్రువపత్రం చిరునామా చెప్పలేకపోతున్నాడు. తెలివి తక్కువై కాదు. తాతకు అది పోతే పొలం పోతుందని తెలుసు.

ఆఫీసువాళ్ళ దగ్గర నేర్చుకోదగ్గది ఇంకొకటి ఉంది. మద్రాసు రాష్ట్రపు రోజుల్లో స్థిరపడిన టోటెన్‌హామ్ పద్ధతిలో ఒక కాగితం మీద పని ముగిసిందంటే, అది ఎన్నాళ్ళు బతకాలో ఆ రోజే నిర్ణయించి పైన రాసేవారు. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసింది, డి.డిస్. అంటే పదేళ్ళు, ఎల్.డిస్. అంటే ఒక్క ఏడాది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! మనం సర్దడం అంటే దాచడమే అనుకుంటాం. దేన్ని పారేయాలో ముందే తేల్చడం సర్దడంలో సగభాగం. మార్కుల మెమోలు, టి.సి., కులధ్రువపత్రం ఆర్.డిస్. ప్రాజెక్టు, ఫీజు రసీదులు చదువు ముగిసి ఉద్యోగం వచ్చేదాకా. బస్‌పాసు దరఖాస్తు ఒక్క ఏడాది. గుడ్ మార్నింగ్ పువ్వులకు ఏ డిస్సూ అక్కర్లేదు, ఆ పూటే తీసేయవచ్చు. నేను చూసిన కంప్యూటర్లలో నూటికి తొంభైపాళ్ళు ఎల్.డిస్. సరుకే, ఆర్.డిస్. సరుకు నెత్తిమీద కూచుని ఉంటుంది.

అయితే ఈ పాత వ్యవస్థను నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. దానిలో పెద్ద దోషం కరణంగారి కట్టల్లో ఉంది. గ్రామం లెక్కలన్నీ ఆయన ఇంట్లో, గుడ్డలో చుట్టిన కట్టలుగా ఉండేవి. ఏ కట్టలో ఏముందో ఆయనకు తెలుసు, ఆయన కొడుక్కి తెలుసు. మూడోవాడికి తెలియదు. అడంగలు చూపించమని అడగాలంటే రైతు ఆయన అరుగుమీద నిలబడాలి. "అయ్యా, కాస్త చూసిపెట్టండి" అనాలి. 1984 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దుచేసినప్పుడు ఆ కట్టలు ఇల్లు వదిలి బయటికి రావలసి వచ్చింది. కట్టలు అప్పగించవచ్చు. వరస మాత్రం బుర్రలోనే మిగిలిపోతుంది. ఏది ఎక్కడుందో ఒక్కడికే తెలియడం అన్నది అధికారం. కరణాన్ని రద్దుచేశాం గాని కరణీకం పోలేదు. ఏ ఆఫీసుకైనా, ఏ సంఘానికైనా వెళ్ళిచూడండి. "ఆ కంప్యూటరు ఫలానా ఆయన చూస్తారు, ఆయన సెలవులో ఉన్నారు, సోమవారం రండి" అంటారు. పాస్‌వర్డు అక్కర్లేదు, ఫైళ్ళకు అర్థంలేని పేర్లు పెట్టుకుంటే చాలు, ఆ గుమాస్తా లేందే పని జరగదు.

అందుకే ఫోల్డర్లు సర్దుకుంటే మీ సమయం మిగులుతుంది అని చెప్పే పెద్దల మాటతో నాకు పూర్తి ఏకీభావం లేదు. మీకు మిగిలేది రోజుకు అయిదో పదో నిమిషాలు. ఆ మిగిలిన కాలంలో మీరేమీ పంచకావ్యాలు చదవరు. అసలు మిగిలేది ఎదుటివాడి కాలం, మీ తరువాత ఆ కుర్చీలో కూచునేవాడి కాలం. గ్రంథాలయ శాస్త్రానికి పంచసూత్రాలు రాసిన రంగనాథన్‌గారు 1931లోనే పాఠకుడి కాలాన్ని ఒక సూత్రంగా పెట్టారు. లైబ్రేరియన్ కాలాన్ని పెట్టలేదు, గమనించండి.

ఇక మనకు బాగా దగ్గరి ఉదాహరణ. రాష్ట్రమంతటా భూముల రీసర్వేకు 2020 డిసెంబరు 21న శ్రీకారం చుట్టింది మన జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులోనే. సుమారు నూరేళ్ళనాటి కొలతల మీద నడుస్తున్న లెక్కను డ్రోన్లతో, ఉపగ్రహాల సాయంతో తిరిగి కొలవడం మొదలుపెట్టారు. అంటే ఒక మహా ఫోల్డరును మొదటినుంచీ సర్దడం అన్నమాట. రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నెంబర్ల చోట ఎల్.పి.ఎం. నెంబర్లు వచ్చాయి. ఉద్దేశం మంచిదే. కాని చాలాచోట్ల ఇద్దరు ముగ్గురి చెక్కలు కలిసి ఒకే నెంబరు కిందికి ఉమ్మడిగా వెళ్ళాయనీ, విస్తీర్ణంలో తేడాలు వచ్చాయనీ ఫిర్యాదులు వచ్చాయి. 2024లో ప్రభుత్వం మారాక భూయాజమాన్య హక్కు చట్టాన్ని రద్దుచేశారు, గ్రామాల్లో సభలు పెట్టి అర్జీలు తీసుకున్నారు. రాజకీయాలు నేను మాట్లాడబోవడం లేదు, సావనీరు కమిటీవారు కత్తెర పట్టుకుని ఉంటారు! నాకు కావలసినది ఒక్కటే. రైతు దగ్గర ఉన్న దస్తావేజు మీద పాత నెంబరుంది, తెరమీద కొత్త నెంబరుంది. ఏ పాత నెంబరు ఏ కొత్త నెంబరయిందో చూపించే పట్టిక లేకపోతే ఆ రెండింటికీ వంతెన లేదు. రైతుకు ఆ పట్టికే ప్రాణం. అందులో ఒక్క వరస తప్పుపడితే బ్యాంకు అప్పూ, కూతురి పెళ్ళికి అమ్మదలచిన అరెకరమూ ఆగిపోతాయి.

ఇంకో వింత చూడండి. గరికపాడు దాటి కోదాడ వైపు వెళితే అడంగలు పహాణీ అయిపోతుంది. ఆ ప్రభుత్వంవారు 2020 అక్టోబరులో ధరణి పెట్టారు, 2025లో దాన్ని తీసేసి భూభారతి పెట్టారు. సరిహద్దుకు రెండువైపులా పొలం ఉన్న రైతు రెండు భాషల్లో తన భూమిని వెదుక్కోవాలి. పేర్లు మారతాయి. బేతవోలు జగ్గయ్యపేట అయింది. కృష్ణా జిల్లాలోని మనం 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లా వాళ్ళమయ్యాం. ఈ ప్రాంతపు డిగ్రీ చదువులు ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద నుంచి 1976లో ఏర్పడిన నాగార్జునకూ, 2008లో ఏర్పడిన కృష్ణాకూ మారాయి. పూర్వ విద్యార్థి ఒకాయన నకలు కావాలని వస్తే ముందు అడగవలసింది ఆయన పేరు కాదు, ఏ సంవత్సరం చదివారని. సంవత్సరం మారదు. అందుకే నా సలహా, ఫోల్డరు పేరులో మారనిదాన్ని ముందు పెట్టండి.

సంవత్సరం, నెల, తేదీ ఆ వరసలో. మనం 01-09-2024 అని రాస్తాం. కంప్యూటరు పేర్లను వరసలో పెట్టేటప్పుడు ఎడమనుంచి చదువుతుంది గనుక అన్ని నెలల ఒకటో తారీకులూ ఒకచోట గుంపుచేరుతాయి. 2024-09-01 అని తిప్పిరాస్తే కాలక్రమం దానంతటదే వస్తుంది. ఆ వెనుక అది ఏమిటో, ఎవరిదో. "2024-09-01 ఆదాయ ధ్రువపత్రం నాన్న" అంటే చాలు. ఫోల్డర్లు మూడు మెట్లకు మించి లోతుకు పోనక్కర్లేదు. ఆదివారమంతా కూచుని ఫోల్డర్లో ఫోల్డరు, అందులో ఫోల్డరు పెట్టి, చివరిదాంట్లో ఒక్క ఫైలు వేసేవాళ్ళూ నాకు తెలుసు. వాళ్ళది సర్దుడు కాదు, జబ్బు.

"సెర్చ్ ఉందిగా సార్, ఇవన్నీ ఎందుకు" అంటారు. ఉంది. వెదికితే దొరకాలంటే వెదకడానికో మాట ఉండాలి గదా. ఫొటో తీసిన ధ్రువపత్రం యంత్రానికి ఒక బొమ్మ. ఈమధ్య ఫోన్లు బొమ్మలోని అక్షరాలు కూడా చదువుతున్న మాట నిజమే గాని, ముద్ర వెనక నలిగిన చేతిరాత తెలుగును నమ్మకంగా చదువుతాయని నేననుకోను. చదివినా, ఒకే పత్రం తాలూకు ఏడు నకళ్ళు తెచ్చి ముందు పోస్తాయి. అందులో ఈ ఏడాదిది ఏదో, తహశీల్దారుగారి సంతకం ఉన్నది ఏదో మళ్ళీ మనమే చూసుకోవాలి.

మునేటి సంగతి చెప్పకుండా ఈ విషయం ముగించలేను. 2023 జులైలో ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదకు నీళ్ళెక్కి రాకపోకలు నిలిచిపోయాయి. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు ఒకటిన కురిసిన వానకు జగ్గయ్యపేటలో ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. బియ్యం, బట్టలు తడిస్తే ఎండబెట్టుకోవచ్చు. ట్రంకుపెట్టెలో అడుగున ఉన్న సర్టిఫికెట్లు ముద్దయితే? అటువంటి కాగితాలు పట్టుకొచ్చి, ఫ్యాను కింద ఆరబెట్టిన అట్టల్లాగా నా బల్లమీద పెట్టిన అమ్మాయిని నేను చూశాను. "స్కాన్ చేయించావా అమ్మా?" అంటే "నెట్ సెంటర్లో చేయించాను సార్, వాళ్ళ కంప్యూటర్లోనే ఉంది" అంది. ఆ నెట్ సెంటర్లో ఆ రోజు స్కాన్ చేసినవి రెండు వందలు, అన్నీ స్కాన్ అనే పేరుతోనే. 2015 నుంచి డిజిలాకర్ ఉంది, ప్రభుత్వాలు ఎక్కించినవి అందులో దొరుకుతాయి, దాన్ని తప్పక వాడండి. అందులోకి రాని పాత కాగితాల నకలు మాత్రం మీ ఫోనులో ఒకటి, ఇంట్లో లేని మరోచోట ఒకటి, సరైన పేరుతో ఉండాలి.

చివరిగా మన విద్యార్థి సంఘానికి. ప్రతి ఏడూ కొత్త కార్యదర్శి వస్తాడు, పాత కార్యదర్శి వెళుతూ సంఘం ఫైళ్ళను తన పెన్‌డ్రైవులో తీసుకుపోతాడు. దొంగతనం అనను, అలవాటు అంటాను. ఈ సావనీరు పాత సంచికలు అను లిపుల్లో పేజ్‌మేకరులో కూర్చినవి. ఆ లిపి లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చిగీతలు కనబడతాయి. ఎవరో కష్టపడి రాసిన కవితలు, మనవాళ్ళ తొలి కథలు ఆ గీతల్లో చిక్కుకుని ఉన్నాయి. ఈసారి ముద్రణకు పంపేముందు ప్రతి వ్యాసాన్నీ యూనికోడ్ తెలుగులో ఒక ప్రతి, పి.డి.ఎఫ్.గా ఒక ప్రతి ఉంచమనీ, సంవత్సరం పేరుతో ఒకే ఫోల్డరు చేసి, అందులో ఏమేమున్నాయో ఒక పేజీ జాబితా రాసి, ఒక నకలు లైబ్రరీలో అప్పగించి రసీదు తీసుకోమనీ సంఘాన్ని కోరుతున్నాను. రసీదు మాట మరిచిపోవద్దు. వచ్చే కార్యదర్శి ఎవరో ఇంకా తెలియదు గాని, పదవి తీసుకున్న రోజు అతను మొదట అడగవలసిన కాగితం అదే.