రంగులు నేర్పుదాం



భద్రాచలం అడవి అంచు పల్లెల్లో రంగులు నేర్పడానికి కొన్న బొమ్మలు అక్కరలేదని మేము చెబుతుంటాము. ఎర్రని మోదుగ పువ్వు, ఆకుపచ్చని తునికాకు, పసుపు కొమ్ము బిడ్డ ముందుంచి, ఒక్కొక్క రంగుతో ఆడించండి. ఇంట్లో కోయ మాట్లాడితే మొదట కోయ పేరే చెప్పండి. రాత్రి బొమ్మల బైబిలులో నోవహుకు దేవుడు చూపిన ధనుస్సును (ఆదికాండము 9) చూపండి.

మూడేళ్ల బిడ్డ రంగుల పేర్లు తారుమారు చేస్తే కంగారు వద్దు. బడికి వెళ్లే వయసులోనూ ఎరుపును, ఆకుపచ్చను పోల్చుకోలేకపోతే మొండితనమని కొట్టవద్దు. పుట్టుకతో వచ్చిన వర్ణాంధత్వం కావచ్చు. అది మగపిల్లల్లో ఎక్కువ. కంటి డాక్టరుకు చూపించి, బడిలో పంతులుగారికి చెప్పండి. మేఘములో ధనుస్సు నుంచిన దేవుడే ఆ కన్నులనూ చేశాడు.